లేని లారీలు తోలిన మనిషి

ఆయన పోయాడన్న వార్త ఫోనులో చూసినప్పుడు నేను నమ్మలేదు. అది దుఃఖం వల్ల కలిగిన అపనమ్మకం కాదు, అనుభవం వల్ల కలిగినది. ఉద్యోగకాలమంతా లేనివాటిని ఉన్నట్టు చూపించిన మనిషి ఆయన. అటువంటివాడు ఇప్పుడు లేడని ఒక సందేశం వస్తే, పరీక్షించకుండా స్వీకరించడం నా చదువుకు తగని పని. పైగా అది వచ్చింది మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో. అంతకుముందే అదే గ్రూపు బతికున్న ఒక పెద్దమనిషికి శ్రద్ధాంజలి ఘటించింది. ఆయనే స్వయంగా వచ్చి ధన్యవాదాలు చెప్పుకున్నాక క్షమాపణలు కోరింది.

హిందూపురానికి ఫోన్ చేశాను. ఆయన భార్య, నేను వదినా అని పిలిచే మనిషి, ఎత్తింది.

"నిజమేనప్పా," అంది, నేను నోరు తెరవకముందే. "నువ్వు నమ్మవని తెలుసు. పడుకోనుండేవాడు అట్లే పడుకోనే పోయినాడు. డాక్టరొచ్చి చూసినాడు, మా తమ్ముడూ చూసినాడు. ఇంకెవురన్నా చూడల్లంటే నువ్వే రా."

సాక్షుల వివరాలతో సహా చెప్పింది కనుక నమ్మక తప్పలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అది ఆయన కోరికే. "నన్ను గురించి యాడన్నా రాస్తివంటే పేరు మాత్రం వేయొద్దప్పా. యాడుండేదీ ఎవురికీ తెలీకుండా ఉండల్ల, మా పనికి అదే అందం," అనేవాడు. మేమిద్దరం బెంగుళూరులో, రక్షణ శాఖకు చెందిన ఒకే కార్యాలయంలో, ఎదురెదురు గదుల్లో, ఎదురెదురు పక్షాల్లో పనిచేశాం. విమానంలో కూర్చుని, నేలమీద కదిలే వాహనాలను పట్టుకునే రాడార్ ఒకటుంది. నేను ఆ రాడార్ పక్షం. దానికి లేని వాహనాలను చూపించి దారి తప్పించే పెట్టె తయారు చేయడం ఆయన పని. ఆయన చేసినదాన్ని నేను పరీక్షించి, మోసం బయటపడుతున్నదో లేదో చెప్పాలి. జీతమిచ్చి మరీ ఇద్దరు మనుషులను ఒకరినొకరు అనుమానించుకునేలా కూర్చోబెట్టిన ఏర్పాటది. అందులోంచి స్నేహం పుట్టడం ఎవరూ ముందుగా వేసుకున్న లెక్క కాదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు చింతపిక్కలుండేవి. హిందూపురం మార్కెట్టు చింతపండుకు పేరుపొందినదే గాని, ఒక ఇంజనీరు జేబులో పిక్కలెందుకన్నది కొత్తగా చేరిన ప్రతివాడికీ కలిగే సందేహం. అడిగినవాణ్ణి క్యాంటీనుకు తీసుకుపోయి, టేబుల్ మీద పిక్కలు పరిచి, పాఠం మొదలుపెట్టేవాడు.

"ఇదిగో, ఈ బిస్కత్తు విమానం. ఈ పిక్కలు కొండలు, ఇండ్లు, చెట్లు, లారీలు. విమానం పైనుంచి అల వదుల్తుంది. అన్నీ దాన్ని తిప్పి కొడతాయి. ఏది కొండో ఏది లారీయో ఎట్ల తెలుస్తుంది?"

కొత్తవాడు పిక్కలవైపు వంగి చూసేవాడు.

"రైలు కూత వినలేదా? మన పక్కకు వచ్చేటప్పుడు సన్నంగా ఉంటాది, దాటిపోతానే బొంగురుపోతాది. కదిలేదాని జవాబు అట్లా రవ్వంత మారి వస్తాది. కొండ జవాబు మారదు. మారనివన్నీ తుడిచేస్తే మిగిలేది కదిలేవి." చేత్తో పిక్కలు పక్కకు నెట్టి, నాలుగు మాత్రం మిగిల్చేవాడు. "ఇవి లారీలు. తెరమీద చుక్కలు మాదిరి పోతాంటాయి. ఇప్పుడు నేనేం చేస్తానంటే..." జేబులోంచి మరో పిక్క తీసి ఆ వరుసలో కలిపేవాడు. "రోడ్డు పక్కన నా పెట్టె ఉంటాది. విమానం వదిలిన అలనే పట్టుకొని, ఒక క్షణం దాచిపెట్టి, రవ్వంత గొంతు మార్చి మళ్ళీ పంపిస్తాది. విమానంలో వాడికి ఈడొక లారీ పోతాన్నట్ల కనిపిస్తాది. లారీ లేదు, డ్రైవర్ లేదు, డీజిలు లేదు!"

"అంతకంటే పెద్ద శబ్దం చేసి రాడార్‌నే చెవిటిదాన్ని చేయవచ్చు కదా సార్?" అని కొత్తవాడు అడగాలి. అడిగేదాకా ఆయన టీ ముట్టేవాడు కాదు.

"అరిచేవాణ్ణి ఎవురైనా కనిపెడతారప్పా. వాని గొంతుతోనే వానికి జవాబు చెప్పల్ల. అప్పుడు గదా వాడు మనల్ని నమ్మేది."

తండ్రికి హిందూపురంలో లారీ టైర్లకు పంక్చర్లు వేసే అంగడి ఉండేది. ఆ ప్రస్తావన వస్తే ఆయన ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది: "మా నాయన ఉండే లారీలకు పంచర్లు వేసినాడు, నేను లేని లారీలు తోలినా. ఇద్దరం ఒకే లైనులో ఉండాం." బస్సెక్కితే డ్రైవరు వెనక సీటులోనే కూర్చునేవాడు. ఎదురుగా వచ్చే లారీని దూరం నుంచే చూసి, లోడుందో ఖాళీయో చెప్పేవాడు. నేను కొన్ని ప్రయాణాల్లో శ్రద్ధగా పరీక్షించాను. నాణెం ఎగరేసి చెప్పినదానికంటే మెరుగుగా, ఆయన చెప్పుకున్నదానికంటే తక్కువగా వచ్చింది ఫలితం. ఆ మాటే చెబితే, "తప్పిన లారీలన్నీ కర్ణాటకవి. ఆ బండ్లు నాకు అలవాటు లేదు," అన్నాడు. కర్ణాటక సరిహద్దునే ఉన్న హిందూపురంవాడికి ఆ బండ్లు అలవాటు లేకపోవడమేమిటో ఆయనకే తెలియాలి.

ఆయనతో మాట్లాడటంలో ఒక నియమం ఉండేది. ఏ కథ చెప్పినా అందులో ఒక అబద్ధం కలిపేవాడు. సరిహద్దు ఊరు అగళిలో ఒకాయన కన్నడంలో తిడితే తెలుగులో తుమ్మిన కథ కావచ్చు, అత్తగారింట్లో పొయ్యి అంటుకోని కథ కావచ్చు, ఎక్కడో ఒక చోట ఒక తప్పుడు సంగతి నడిచిపోయేది. అది పట్టుకున్నవాడికి ఆ రోజు ఆయన టీ ఇప్పించేవాడు. పట్టుకోనివాడి మాటను ఆపైన ఏ విషయంలోనూ లెక్కచేసేవాడు కాదు. "అబద్ధం పట్టినోని మాటే నేను నమ్మేది. పట్టనోడు బాగుండాదన్నా, బాగలేదన్నా ఒకటే," అనేవాడు. ఈ మాటను నేను అప్పుడు సరదాగానే తీసుకున్నాను.

అబద్ధం చెప్పేముందు ఆయన ఎడమవైపు మీసం తిప్పుతాడని మొదటి సంవత్సరంలో నాకొక అనుమానం కలిగింది. కొంతకాలం గమనించి, సంబంధం ఉన్నదని నిర్ధారించుకున్నాను. ఆ తరువాత వరసగా టీలు నావే. ఒక రోజున హఠాత్తుగా లెక్క తప్పడం మొదలైంది. నేను మీసం చూస్తున్నానని ఆయన కనిపెట్టి, నిజం చెప్పేటప్పుడు కూడా తిప్పుతున్నాడని తెలుసుకునేసరికి చాలా టీలు పోయాయి.

పరీక్షల సంగతికి వస్తాను. పెట్టె గదిలో బాగా పనిచేసింది. బయట, నిజమైన రోడ్డుమీద, నిజమైన బండ్ల మధ్య నెగ్గాలి. పెనుకొండ నుంచి ధర్మవరం వైపు పోయే రోడ్డులో ఒక భాగాన్ని ఎంచుకున్నారు. ఆయన పెట్టెలు దారి పొడవునా అక్కడక్కడా పొదల్లో ఉంటాయి. అల తిరిగి వచ్చేది వినడానికి మనిషికిలాగే రెండు చెవులున్న ఆ రాడార్‌కు దిక్కు కూడా తెలుస్తుంది కనుక ఒకే పెట్టె చాలదు. పైన విమానం తిరుగుతుంది. కొండ కింద ఒక వ్యానులో తెర ముందు నేను కూర్చుని, కదిలే చుక్కల్లో ఏది నిజం, ఏది అబద్ధం అని గుర్తుపెడతాను. రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డవాళ్ళు అసలు బండ్లను చూసి రాసుకుంటారు. తరువాత రెండూ పోల్చి చూస్తారు. నేను తేడా కనిపెట్టగలిగితే పెట్టె ఓడినట్టు. ఓడితే ఆయన విభాగాన్ని ఎత్తివేసి, ఆయన్ను స్టోర్సులో సామాను చూసుకునే పనికి పంపుతారన్నది కార్యాలయంలో అందరికీ తెలుసు. రిటైరుమెంటుకు కొద్దికాలమే ఉంది. పెట్టె తప్ప ఆయన చేతిలో మరో పని లేదు.

మొదటి పరీక్ష నాడు నేను మా ఊరు ధర్మవరంలో మా అన్న ఇంటి నుంచి బస్సులో వచ్చాను. ఒక ఊరు దాటాక మలుపులో డ్రైవరు బ్రేకు వేసి, కిటికీలోంచి ఎవరినో తిట్టాడు. కోసిన ఉలవచెట్లు రోడ్డు వెడల్పునా పరిచి ఉన్నాయి. మా వైపు అది మామూలే. పోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేసిపెడతాయి. డ్రైవర్లకు మాత్రం అది తలనొప్పి. చెట్లు ఇరుసుకు చుట్టుకుంటాయి, వేడికి అంటుకుంటాయన్న భయం ఉంటుంది, మోటారు సైకిళ్ళు జారతాయి. అందరూ నిదానిస్తారు.

తెరమీద చూస్తే ఆ మలుపు దగ్గర కొన్ని చుక్కలు నిదానించి మళ్ళీ వేగం అందుకున్నాయి. మిగిలినవి ఒకే వేగంతో, పెళ్ళికి ఆలస్యమైనట్టు, దాటిపోయాయి. నేను పెద్దగా ఆలోచించవలసిన పని పడలేదు. నిదానించనివన్నీ అబద్ధమని గుర్తుపెట్టాను. ఒక్కటీ తప్పలేదు.

ఫలితం విని ఆయన నా వ్యాను దగ్గరికి వచ్చాడు. "ఎట్ల పట్టినావప్పా అయ్యవారూ?" నేను చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఉలవలా! ఇంతమంది పెద్ద చదువులు చదివినోళ్ళం రోడ్డు పొడుగూ, వంపూ, ఎత్తూ, గుంతా అన్నీ కొలిచి పెట్టెలో వేసినాం గదప్పా. ఉలవలు మరిచిపోతిమి! మా అవ్వ బతికుంటే చెప్పుతో కొట్టిండేది."

పరీక్షల ఫలితం తేల్చడానికి కార్యాలయం వేసిన కమిటీ ఇంకొక్క అవకాశమిచ్చింది. ఇదే చివరిదని కూడా చెప్పింది.

మధ్యలో ఒక రోజు ఆయన నాతో ధర్మవరం వచ్చాడు, వదినకు చీర కొనే నెపంతో. మా అన్న మగ్గం ముందు కూర్చుని అంచులో వచ్చే నెమళ్ళను చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, ఈ నెమలీ ఆ నెమలీ అచ్చం ఒకటే ఉండాయే?" అని మా అన్నను అడిగాడు.

"ఒకటే ఉండాయా? కండ్లద్దాలు మార్చుకోప్పా," అన్నాడు అన్న. "ఆ మూడోదాని తోక జూడు. పొద్దున మా ఇంటామె టీ ఇచ్చేదానికొచ్చి మాట్లాడిస్తే మగ్గం దెబ్బ రవ్వంత వదులు పడె. మిషను నేసిందైతే అన్నీ ఒకటే ఉంటాయి. ఇది చేతి పని."

"అయితే చేతిదని చెప్పేదానికి తప్పు కావల్లంటావు."

"తప్పు అంటే రేటు తగ్గిస్తావేమో, తప్పు అనొద్దు," అన్నాడు అన్న.

తన లారీల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నడత పెట్టాలన్న ఆలోచన ఆ మగ్గం ముందే పుట్టిందని ఆయన తరువాత అందరికీ చెప్పేవాడు. నేను నమ్మను. ఆ లెక్కలు అంతకుముందే ఆయన బల్లమీద సగం చేసి ఉండటం నేను చూశాను. కాని కథకు మగ్గమే అందంగా ఉంటుంది. అందులో కలిపిన అబద్ధం అదే అయివుండవచ్చు.

ఆ లెక్కలు పూర్తి కాకముందే వచ్చిన రెండో పరీక్షకు ఆయన చేసిన మార్పు సరళమైనది. ఉలవల మలుపు దగ్గర తన లారీలు కూడా బ్రేకు వేసేలా పెట్టాడు. ఆ రోజు నేను బెంగుళూరు నుంచి జీపులో నేరుగా వ్యాను దగ్గరికి వచ్చాను, ఆ మలుపు చూడలేదు. తెరమీద మళ్ళీ అదే దృశ్యం: కొన్ని నిదానిస్తున్నాయి, కొన్ని నిదానించడం లేదు. ఈయన ఏమీ మార్చలేదే అని ఆశ్చర్యపడి, నిదానించనివన్నీ అబద్ధమని గుర్తుపెట్టాను.

అన్నీ తప్పు. అబద్ధమన్నవన్నీ నిజమైన లారీలు. నిజమన్నవన్నీ ఆయనవి.

కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. పరీక్షకుడు పూర్తిగా మోసపోయాడని వాళ్ళలో పెద్దాయన ప్రకటించి, సంతకానికి పెన్ను కూడా తీశాడు. పెట్టె చేసిన మనిషి మాత్రం చప్పట్లు కొట్టలేదు. నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపే చూస్తున్నాను. కళ్ళు మూసుకుని చెప్పినా కొన్ని ఒప్పులు వస్తాయి. అన్నీ తప్పడం అదృష్టమూ కాదు, దురదృష్టమూ కాదు. అన్నీ ఒప్పవడంతో సమానమైన సమాచారం అందులో ఉంది. నేను రెండు గుంపులనూ ఖచ్చితంగా విడదీశాను, పేర్లు మాత్రం తారుమారు చేశాను. ఇది అర్థం కావడానికి మా ఇద్దరికీ మాటలు అవసరం కాలేదు.

జీపులో మలుపు దగ్గరికి పోయాం. రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. పక్కన ఒక అవ్వ చేటతో ఉలవలు చెరుగుతోంది.

"అవ్వా, ఈడ పరిచిన ఉలవచెట్లు ఏమాయె?" అని ఆయన అడిగాడు.

"మోడమేసింది గదా నాయనా, తెల్లారుతూనే ఎత్తేస్తిమి. తడిస్తే నువ్విస్తావా గింజలు?" మా జీపును, మెడల్లోని కార్డులను ఒకసారి చూసింది. "ఉలవలు ఎత్తినారా లేదా అని చూసేదానికి ఇంతమంది జీపేసుకోని వస్తిరా? గవర్మెంటుకు వేరే పనేమీ లేదా?"

ఆయన మళ్ళీ నవ్వాడు గాని, ఈసారి పొట్ట పట్టుకోలేదు. లేని ఉలవలకు బ్రేకు వేసినవి లేని లారీలే. ఆ మాట నాకు చెప్పి, మెల్లగా జీపు ఎక్కాడు.

తిరిగి వచ్చేసరికి ఫలితం కాగితం మీదికి ఎక్కబోతోంది. నేనేదో చెప్పబోయేలోగా ఆయనే ముందుకు వెళ్ళాడు.

"సార్, దీన్ని రాయొద్దండి. పెట్టె గెలవలేదు. ఈయన తేడా కనిపెట్టినాడు, పేర్లు మాత్రం తారుమారాయె. మళ్ళీ ఒకసారి పెట్టల్ల."

"ఇది చివరిదని చెప్పాం," అన్నాడు పెద్దాయన. "మళ్ళీ పెడితే మళ్ళీ పట్టుకోవచ్చు. అప్పుడు మీ విభాగం ఉండదు. ఫలితం మీకు అనుకూలంగా ఉంది. ఇంటికి వెళ్ళండి."

"లేని లారీని చూపిచ్చేది నా పని సార్. లేని గెలుపును చూపిచ్చేది కాదు."

పెద్దాయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నిజాయితీని మెచ్చుకున్నాడో, విసుగెత్తి ఒప్పుకున్నాడో నేను చెప్పలేను. మూడో పరీక్ష మాత్రం ఖాయమైంది. నడతల లెక్కల్లో మిగిలిన సగం పూర్తి చేయడానికి ఆయనకు వ్యవధి దొరికింది.

రోజు నేనే ఎంచుకున్నాను. ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఉదయమే రోడ్డంతా స్వయంగా తిరిగి చూసుకుని, ఎక్కడ గొర్రెల మంద ఉంది, ఎక్కడ గుంత పడింది, ఎక్కడ ఏమి ఎండుతోంది అన్నీ మనసులో పెట్టుకుని తెర ముందు కూర్చున్నాను. ఆ రోజు నేను చూసినవి లారీలే. ఒకటి మరొకదాన్ని దాటబోయి, ధైర్యం చాలక వెనక్కి తగ్గింది. ఒకటి ఎత్తు దగ్గర మూలిగింది. ఒకటి డాబా ఉన్నచోట తెరమీద నుంచి మాయమై, ఎంతోసేపటికి మళ్ళీ కనిపించింది. ఆగిన బండి ఆ రాడార్‌కు కొండతో సమానం కనుక అది టీ తాగడానికి ఆగిందని నేను అనుకోక తప్పలేదు. లేని డ్రైవరుకు టీ తాగే అలవాటు కూడా పెట్టాడా, లేక నిజమైన డ్రైవరే తాగాడా? చొక్కా తడిసిపోయేదాకా చూశాను. తెలియలేదు.

ఒక్కటి మాత్రం దొరికింది. చివర్లో ఒక చుక్క మలుపు తిరగకుండా నేరుగా, మేక కూడా ఎక్కని రాళ్ళగుట్ట మీదికి నడిచిపోయింది. అంత నేర్పరి ఇంత మోటు తప్పు ఎలా చేశాడని అనుకుంటూనే దాన్ని అబద్ధమని గుర్తుపెట్టాను. మిగిలినవాటిలో తేడా చెప్పలేనని రాసి సంతకం చేశాను. పెట్టె నెగ్గింది. గుట్టమీది లారీ గురించి అందరూ ఆయన్ను ఆటపట్టిస్తే, మీసం తిప్పుతూ, "కొత్త డ్రైవరు. లైసెన్సు లేదు," అన్నాడు.

అది మొదలు, ఎప్పుడు కలిసినా ఆయన ఒక ప్రశ్న అడిగేవాడు.

"నిజం చెప్పప్పా. ఆ పొద్దు నీకు తేడా కనపళ్ళేదా?"

"కనపడలేదన్నా."

"నన్ను స్టోర్సుకు తోలేస్తారని, నా మొగం జూసి వదిలినావేమో."

"నేనట్లా వదిలేవాణ్ణి కాదని నీకు తెలియదా అన్నా?"

"తెలుసులే. అయినా అడగల్ల గదా."

రిటైరై హిందూపురం చేరాక కూడా ఈ ప్రశ్న మానలేదు. తండ్రి అంగడిని అప్పటికి ఆయన తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. ఆ పాత టైర్ల మధ్య స్టూలు వేసుకుని, పోయే లారీలను చూస్తూ అడిగాడు. మా అమ్మాయి పెళ్ళిలో, పక్కన కూర్చున్న వియ్యంకుడు ఏమనుకుంటాడోనన్న ఆలోచనైనా లేకుండా, పాయసం గిన్నె పట్టుకుని అడిగాడు. ఫోనులో క్షేమసమాచారాలు అయ్యాక, "పెట్టేస్తాండా" అన్న తరువాత కూడా ఒకసారి అడిగాడు. నాకు మొదట్లో నవ్వు వచ్చేది, తరువాత చిరాకు, ఆ తరువాత కొంత బాధ. నా వృత్తిలో దేన్నైనా రుజువు చేసి చూపించగలననుకునేవాణ్ణి. "నాకు కనిపించలేదు" అన్న మాటకు మాత్రం రుజువెక్కడ తెచ్చేది? కనిపించినదైతే వేలుపెట్టి చూపవచ్చు. కనిపించనిదాన్ని ఎదుటివాడు నమ్మాలి, అంతే. జీవితమంతా ఎదుటివాణ్ణి నమ్మించడమే పనిగా పెట్టుకున్న మనిషికి, తన పని ఫలించిందన్న నమ్మకం నేను ఇవ్వలేకపోతున్నానని అనుకునేవాణ్ణి.

వచ్చీపోయేవాళ్ళ రద్దీ తగ్గాక హిందూపురం వెళ్ళాను. వదిన వరండాలో కుర్చీ వేసింది. టీ ఇచ్చింది. కిటికీ గట్టుమీద చింతపిక్కలు ఒక గిన్నెలో ఉన్నాయి.

"వాటిని పారేయల్లంటే చెయ్యి రాలేదప్పా," అంది. "ఇండ్లంతా ఇవే. చీపురు పెడితే లారీలు దొరుకుతాండాయి."

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, మనసులో ఉన్నది ఆపుకోలేక చెప్పాను. "ఒక్కటే బాధగా ఉంది వదినా. ఆ మూడో పరీక్షలో నాకు నిజంగానే తేడా తెలియలేదు. అన్న చివరిదాకా నమ్మలేదు."

వదిన నన్ను వింతగా చూసింది.

"ఎవురు నమ్మలేదనింది? ఆ పొద్దు సాయంత్రం బస్సు దిగుతానే వాకిట్లోనించి అరుచుకుంటా వచ్చె, దర్మారమబ్బి నా దొంగలారీని పట్టేసినాడే అని. పట్టేస్తే నీకు సంతోషమేందయ్యా అంటి. అది పట్టల్లనే గుట్ట మీదికి తోలినా అనె. నన్ను జూసి వదిలే రకమైతే దాన్నీ వదిలిండేవాడు. దాన్ని పట్టినాడు గాబట్టి, మిగిలిండేవి కనపళ్ళేదంటే కనపళ్ళేదనే. ఇంక నేను గెలిచినట్ల అనె. ఆ పొద్దు రాత్రికి బిర్యానీ చేపిచ్చుకున్యాడు."

నేను కప్పు కింద పెట్టాను. మోటు తప్పనుకున్నది తప్పు కాదు. క్యాంటీనులో ప్రతి కథలోనూ ఆయన కలిపే అబద్ధమది. నేను లారీలను పరీక్షిస్తున్నాననుకున్న పూటంతా ఆయన నన్ను పరీక్షిస్తున్నాడు.

అయినా నా స్వభావం ఊరుకోదు. ఈమె నన్ను ఓదార్చడానికి కల్పిస్తోందేమో అనిపించింది. "గుట్ట ఏ పక్క వదినా?" అని అడిగాను.

"దర్మారానికి పోయేటప్పుడు కుడిపక్క అంట. ఆడ సున్నం పూసిన బండ ఒకటి ఉండాదంట. దానికి గుద్దుకోకుండా తోలినా అని నవ్వె. ఏమప్పా, నన్ను కూడా పరీక్ష పెడతాండావా?"

బండ సంగతి నేనెవరికీ చెప్పలేదు. తెరమీద బండలు కనిపించవు. ఆ మలుపుకు పోయి గుట్టను కళ్ళారా చూసినవాడికి తప్ప అది తెలియదు. సాక్ష్యం నిలిచింది.

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు అడిగాడు?"

"నువ్వు కనపడలేదన్నా అంటావు గదా," అంది వదిన. "అది ఇనేదానికి. నీ ఫోను పెట్టేసినంక, చూసినావా, ఈ పొద్దు గూడా కనపళ్ళేదంట అని నాకు చెప్పుకుంటాండె."

ధర్మవరానికి తిరుగు బస్సులో నేను డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. పెనుకొండ దాటి ధర్మవరం రోడ్డు పట్టాం. ఎవరో ఉలవలు పరిచారు, బస్సు నిదానించింది. మలుపు వచ్చింది. కుడిపక్కన రాళ్ళగుట్ట, సున్నం పూసిన బండ. దాన్ని ఏటవాలుగా ఒక లారీ ఎక్కిపోతున్నట్టు ఊహించుకోవడానికి ప్రయత్నించాను. ఊహలు నాకు అంతగా చేతకావు. నాకు తెలియకుండానే మాట పైకి వచ్చేసింది.

"కనపడలేదన్నా."

పక్క సీటాయన తిరిగి చూశాడు. తాడిమర్రి దాకా టిక్కెట్టు తీసుకున్న మనిషి, ఒడిలో కొత్త పంపుసెట్టు భాగం ఏదో పెట్టుకుని ఉన్నాడు. "ఏం కనపళ్ళేదు సార్? ఏమన్నా పోగొట్టుకుంటివా?"

"లారీలు," అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురుగా ఇటుకల లోడుతో ఒకటి, దాని వెనక ఖాళీది ఒకటి, హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. ఆయన నన్ను ఇంకోసారి చూసి, పంపుసెట్టు భాగాన్ని దగ్గరికి లాక్కుని, సీటులో కొంచెం ఆ పక్కకు జరిగాడు.